‘నాట్ యాజ్... యాజ్’ వాక్యాలన్నీ గైడ్ మేడమ్ కొట్టేస్తున్నారు, ఎలా తిరగరాయాలి?

చెనక్కాయ_స్కాలర్, తిరుపతి:

అందరికీ నమస్కారం. వ్యవసాయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, వేరుశనగ మీద. పొలంలో ట్రయల్ ఒకటి, రైతుల సర్వే ఒకటి. రిజల్ట్స్ చాప్టర్ గైడ్ మేడమ్‌కి ఇస్తే మార్జిన్ నిండా ఎర్ర పెన్నుతో తిరిగొచ్చింది. లెక్కల మీద ఒక్క మాట అనలేదు, టేబుల్స్ అన్నీ ఓకే అన్నారు. గొడవంతా ఇంగ్లిష్ మీదే, అందులోనూ ఒకే రకం వాక్యాల మీద. ‘ఇది దానంత లేదు’, ‘వాళ్లలాగా వీళ్లు చెయ్యలేదు’ అని పోల్చి చెప్పే చోటల్లా పక్కన ‘ఆక్వర్డ్, రీవర్డ్’ అని రాసి వదిలేశారు. ఎలా మార్చాలో అడుగుదామంటే మేడమ్ సెమినార్‌కి ఊరెళ్లారు, వచ్చేలోపు సరిచేసి పెట్టమన్నారు.

ఫోన్‌లో కొడుతున్నా కాబట్టి ఇంగ్లిష్ వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నాను, కాస్త సర్దుకుని చదవండి. వీటిలో వచ్చే టీఎంవీ 2, ధరణి, నారాయణి వేరుశనగ రకాలు.

ఒకటి: ‘ద పాడ్ ఈల్డ్ ఆఫ్ టీఎంవీ 2 వాజ్ నాట్ యాజ్ హై యాజ్ ధరణి.’

రెండు: ‘స్మాల్ ఫార్మర్స్ డిడ్ నాట్ టేక్ క్రాప్ ఇన్సూరెన్స్ లైక్ లార్జ్ ఫార్మర్స్.’

మూడు: ‘నో అదర్ వెరైటీ వాజ్ సో టాలరెంట్ టు డ్రాట్ యాజ్ ధరణి.’

నాలుగు: ‘నెట్ రిటర్న్స్ ఇన్ రెయిన్‌ఫెడ్ ఫార్మ్స్ వర్ త్రీ టైమ్స్ లెస్ దాన్ ఇరిగేటెడ్ ఫార్మ్స్.’

ఐదు: ‘ద ఈల్డ్ ఆఫ్ నారాయణి వాజ్ నాట్ సిగ్నిఫికెంట్‌లీ లోయర్ దాన్ ధరణి, హెన్స్ బోత్ వెరైటీస్ ఆర్ ఈక్వల్.’

నాకైతే ఇందులో గ్రామర్ తప్పు కనపడట్లేదు. స్కూల్లో మనకు నేర్పింది ఇదే కదా. మా రూమ్మేట్ ఏమో ‘నాట్’ ఉన్న చోటల్లా పీకేసి ‘లెస్ దాన్’ పెట్టెయ్, అయిపోతుంది అంటున్నాడు. నిజంగా అంతేనా? ఇలాంటివి చాప్టర్ నిండా ఉన్నాయి.

థీసిస్_బైండింగ్, బాలాజీ కాలనీ:

బ్రదర్, టెన్షన్ పడకండి, మా షాపుకి వచ్చే థీసిస్‌లలో సగానికి సగం ఇదే కథ. నేను ఇంగ్లిష్ పండితుణ్ణి కాదు, కానీ ఎర్ర పెన్నుతో తిరిగొచ్చిన పేజీలు టైప్ చేసీ చేసీ ఎవరికి ఏం నచ్చదో తెలిసిపోయింది. ముందు ఫైల్ తెరిచి కంట్రోల్ ఎఫ్ కొట్టి ‘నాట్ యాజ్’, ‘నాట్ సో’, ‘లైక్’, ‘యాజ్ ఇన్’, ‘లెసర్’, ‘కంపేర్డ్’ అని ఒక్కొక్కటే వెతకండి. పసుపు రంగు వేసుకుంటూ పోండి. వరసగా చదివితే మన వాక్యాలు మనకు బాగానే కనపడతాయి, ఇట్లా వెతికి బయటికి లాగితేనే తెలుస్తుంది ఎన్ని ఉన్నాయో.

‘లెసర్ ఈల్డ్’ అని ఎక్కడున్నా ‘లోయర్ ఈల్డ్’ చేసెయ్యండి. రైతులు తక్కువైతే ‘ఫ్యూయర్ ఫార్మర్స్’, నీళ్లు తక్కువైతే ‘లెస్ వాటర్’, దిగుబడి, ధర, ఉష్ణోగ్రత లాంటివైతే ‘లోయర్’. ‘లోయర్ యాజ్ కంపేర్డ్ టు’ అనే తోక కూడా అక్కర్లేదు, ‘లోయర్ దాన్’ చాలు.

ఇంకొకటి, వాక్యాన్ని పెడితే మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, వాటి మీద ఆధారపడొద్దు. ఒక స్కాలర్ అట్లా మార్పించి తెచ్చిన కాపీలో ‘నాట్ సిగ్నిఫికెంట్‌లీ లోయర్’ అన్నది ‘కంపారబుల్’ అయి కూర్చుంది. వినడానికి నున్నగానే ఉంది. ఆ రెండూ ఒకటి కాదని వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పట్టుకున్నారు.

రిటైర్డ్_మాస్టారు, చిత్తూరు:

నాయనా, నీ రూమ్మేట్ సలహా ఒకటో వాక్యానికి సగం పనికొస్తుంది, మిగతా వాటికి అస్సలు పనికిరాదు. నువ్వన్న ‘స్కూల్లో నేర్పింది’ దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అలా నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పదో తరగతిలో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ అని మన పిల్లల చేత రుద్దించేవాళ్లం గుర్తుందా? సూపర్లేటివ్ ఇచ్చి కంపారిటివ్‌లోకి, పాజిటివ్‌లోకి మార్చమనేవాళ్లం. ‘నో అదర్’తో మొదలుపెట్టి, మధ్యలో ‘సో’ పెట్టి, చివర ‘యాజ్’ పెట్టేస్తే మార్కు గ్యారంటీ. ‘వెరీ ఫ్యూ’ అని ఇంకో అచ్చు. అది పరీక్ష కోసం పెట్టిన కసరత్తు. ఒక అర్థాన్ని మూడు రకాలుగా చెప్పగలవా లేదా అని చూడటం, అంతే. ఆ మూడింటిలో ఏది ఎప్పుడు వాడాలన్న మాటే పాఠంలో ఉండదు. అందుకే మన వైపు పిల్లలు థీసిస్ రాసేటప్పుడు కూడా అన్నిటికంటే మెలికలు తిరిగిన రూపమే చేతికొస్తుంది, అదే పెద్ద ఇంగ్లిష్ అనిపిస్తుంది కాబట్టి.

నీ మూడో వాక్యంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘నో అదర్ వెరైటీ’ అంటే ఏ వెరైటీ? ప్రపంచంలో ఉన్న వేరుశనగ రకాలన్నీ వచ్చేస్తాయి అందులో. నువ్వు వేసింది మూడే అయితే ‘ధరణి వాజ్ ద మోస్ట్ డ్రాట్-టాలరెంట్ ఆఫ్ ద త్రీ వెరైటీస్ టెస్టెడ్’ అని రాయి. వాక్యం చిన్నదైంది, దాని హద్దు కూడా అందులోనే ఉంది. ‘సో’ పెట్టాలా ‘యాజ్’ పెట్టాలా అని అడుగుతావేమో, నాట్ తర్వాత ‘సో’నే రావాలని పాత గ్రామర్ పుస్తకాలు చెప్పేవి. ఇప్పుడు రెండూ తప్పు కాదు, ‘యాజ్’ ఎక్కువ వాడుకలో ఉంది. దాని మీద గంటలు పోగొట్టుకోవద్దు.

ఇక ఒకటో వాక్యం. ఇందులో ‘నాట్’ కంటే ముందు చూడాల్సింది దేన్ని దేంతో పోల్చావన్నది. ఎడమ పక్క ఈల్డ్ ఉంది, కుడి పక్క ధరణి ఉంది. దిగుబడిని తీసుకెళ్లి విత్తనంతో పోల్చావు. ‘దట్ ఆఫ్ ధరణి’ అంటే సరిపోతుంది, గ్రామర్ ప్రకారం అది చక్కటి వాక్యమే. కానీ నేనైతే ఈల్డ్‌ని క్రియగా వాడతాను: ‘టీఎంవీ 2 ఈల్డెడ్ లెస్ దాన్ ధరణి.’ అప్పుడు దట్, దోజ్ అనే తద్దినమే ఉండదు. నీ పేరాగ్రాఫ్ ధరణి గురించైతే తిప్పి ‘ధరణి ఈల్డెడ్ మోర్ దాన్ టీఎంవీ 2’ అని రాయి. పేరా దేని గురించో దాన్ని ముందు పెట్టాలి. నీ గైడ్ మేడమ్ ఆక్వర్డ్ అన్న చోట చాలామటుకు ఇదే అయ్యుంటుంది, ధరణి గురించి చెబుతూ చెబుతూ వాక్యం టీఎంవీ 2తో మొదలుపెడితే చదివేవాడు వెనక్కి తిరిగి చూసుకోవాలి.

అలాగని ‘నాట్ యాజ్ హై యాజ్’, ‘లోయర్ దాన్’ రెండూ అచ్చంగా ఒకటే అనుకోకు. మే నెలలో ‘చిత్తూర్ ఈజ్ నాట్ యాజ్ హాట్ యాజ్ తిరుపతి’ అన్నామంటే తిరుపతి మాడిపోతోందని ఒప్పుకుంటూ చెబుతున్నట్టు. ‘చిత్తూర్ ఈజ్ కూలర్ దాన్ తిరుపతి’ అంటే డిసెంబర్‌లోనైనా అనొచ్చు. ‘నాట్ యాజ్ హై యాజ్’ అనగానే రెండోది ఎక్కువే అనే భావం వెంట వస్తుంది. నీ ట్రయల్‌లో ధరణి దిగుబడి కూడా ఆ ఏడాది వానల్లేక అంతంతమాత్రమే అయితే, ‘హై’ అనే మాట వాడి లేని గొప్పను అంటగడుతున్నావు. అలాంటప్పుడు ‘లెస్ దాన్’ మేలు. ధర పెరుగుతుందని అందరూ ఆశపడి, పెరిగినా ఆశించినంత పెరగని చోట మాత్రం ‘ప్రైసెస్ డిడ్ నాట్ రైజ్ యాజ్ మచ్ యాజ్ ఎక్స్‌పెక్టెడ్’ అనే రాయాలి. ఆశ ఒకటి ఉంది, అది తప్పింది అని చెప్పడమే అక్కడ పని.

రెండో వాక్యానికి రాత్రి కూర్చుని రాస్తాను, అది కొంచెం పెద్దది.

చెనక్కాయ_స్కాలర్:

మాస్టారూ, చాలా థ్యాంక్స్. మూడో వాక్యం విషయంలో మీరన్నది నిజం, ట్రయల్‌లో మూడు రకాలే. రెండోదాంట్లో ఏముందో నాకు ఇంకా తోచట్లేదు. పెద్ద రైతులు ఇన్సూరెన్స్ తీసుకున్నారు, చిన్న రైతులు తీసుకోలేదు, అంతే కదా అర్థం?

రిటైర్డ్_మాస్టారు:

నువ్వు సర్వే చేశావు కాబట్టి నీకు ఆ అర్థమే కనపడుతుంది. చదివేవాడికి మూడు కనపడతాయి. ఒకటి, నువ్వన్నదే. రెండు, పెద్ద రైతులూ తీసుకోలేదు, వాళ్లలాగే చిన్న రైతులూ తీసుకోలేదు. మూడు, చిన్న రైతులూ తీసుకున్నారు గానీ పెద్దవాళ్లు తీసుకున్న పద్ధతిలో కాదు, లేదా అంత సంఖ్యలో కాదు. వాక్యంలో ముందు ‘నాట్’ వచ్చి చివర్లో ‘లైక్’ వేలాడితే, ఆ లైక్‌కి నాట్ తగులుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ‘యాజ్ ఇన్ అనంతపురం’ అని చివర తగిలించే వాక్యాలకీ ఇదే జబ్బు. ‘చిత్తూరు రైతులు డ్రిప్ వాడలేదు, యాజ్ ఇన్ అనంతపురం’ అంటే అనంతపురంలో వాడారా, వాడలేదా? చిత్తూరులో డ్రిప్ లేదని రాస్తే పలమనేరు టమాటా రైతులు నన్ను వెతుక్కుంటూ వస్తారు, ఇది ఉదాహరణకే సుమా.

దీనికి తేలిక ఉపాయం ఉంది. వేలాడే తోకను తీసుకొచ్చి వాక్యం ముందు పెట్టు. ‘అన్‌లైక్ లార్జ్ ఫార్మర్స్, స్మాల్ ఫార్మర్స్ డిడ్ నాట్ టేక్ క్రాప్ ఇన్సూరెన్స్’ అంటే పెద్దవాళ్లు తీసుకున్నారని ఒక్కటే అర్థం. ‘లైక్ లార్జ్ ఫార్మర్స్, స్మాల్ ఫార్మర్స్ డిడ్ నాట్...’ అంటే ఇద్దరూ తీసుకోలేదు. నాట్‌కి ముందుకొచ్చేసింది కాబట్టి నాట్ దాన్ని ముట్టుకోలేదు. మూడో అర్థం కావాలంటే నాట్‌నే వదిలెయ్: ‘ఫ్యూయర్ స్మాల్ ఫార్మర్స్ దాన్ లార్జ్ ఫార్మర్స్ టుక్ క్రాప్ ఇన్సూరెన్స్.’ ఇది సంఖ్య. శాతం అయితే ‘ఎ స్మాలర్ షేర్ ఆఫ్’ అను. చిన్న రైతులే ఎక్కువమంది ఉండే చోట ఈ రెండూ తలకిందులుగా ఉండొచ్చు, నీ టేబుల్ చూసుకుని రాయి.

ఇంకా భద్రంగా ఉండాలంటే పోలికే మానెయ్. ‘మోస్ట్ లార్జ్ ఫార్మర్స్ హ్యాడ్ క్రాప్ ఇన్సూరెన్స్, మోస్ట్ స్మాల్ ఫార్మర్స్ డిడ్ నాట్.’ రెండు ముక్కలు, ఎవరేం చేశారో రెండూ చెప్పాయి. నా లెక్కలో నెగెటివ్ పోలికతో వచ్చే అసలు ఇబ్బంది ఇదే, ఒక పక్క ఏం జరగలేదో చెప్పి రెండో పక్క ఏం జరిగిందో చదివేవాడే ఊహించుకోవాలి అన్నట్టు వదిలేస్తుంది.

వేరుశనగ_కాదు_మామిడి:

మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ ఆ ఇన్సూరెన్స్ వాక్యంలో ఇంగ్లిష్ కంటే ముందు ‘డిడ్ నాట్ టేక్’ అన్నమాటే చూసుకో బ్రో. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో వచ్చింది, బ్యాంకు లోను తీసుకున్నవాళ్లకి 2020 ఖరీఫ్‌కి ముందు దాకా అది తప్పనిసరి, లోను ఇచ్చేటప్పుడే ప్రీమియం కోసేసుకునేవాళ్లు. నీ సర్వే అప్పటిదైతే పెద్ద రైతులు ‘టుక్’ అనడం కూడా డౌటే. లోను ఉన్నవాడికి వచ్చింది, లేనివాడికి రాలేదు. ‘లైక్’ పెట్టి పోల్చేసరికి ఒకడు తెలివిగా తీసుకున్నాడు, ఇంకొకడు తీసుకోలేదు అన్నట్టు అయిపోతోంది. ‘వర్ కవర్డ్’, ‘వర్ నాట్ కవర్డ్’ అంటే గొడవ లేదు కదా.

అలాగే నీ చాప్టర్‌లో ఎక్కడైనా ‘చిత్తూరు విస్తీర్ణం ఇంతకుముందు అంత లేదు’ లాంటి వాక్యం ఉంటే జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, తిరుపతి జిల్లా వేరే అయింది. ఆ తేదీకి ముందు చిత్తూరు, తర్వాత చిత్తూరు ఒకటి కాదు. ‘ఎర్స్ట్‌వైల్ చిత్తూర్ డిస్ట్రిక్ట్’ అని మన దగ్గర అందరూ రాస్తారు, బయటి జర్నల్‌కి పంపితే ‘చిత్తూర్ డిస్ట్రిక్ట్ బిఫోర్ ద 2022 రీఆర్గనైజేషన్’ అని విడమరిచి రాయడం మంచిది. మాది మామిడి మీద థీసిస్, తోతాపురి విస్తీర్ణం దగ్గర ఇదే తలనొప్పి.

పీ_వాల్యూ_అక్క, తిరుపతి:

నాలుగు, ఐదు వాక్యాలు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతా. స్టాటిస్టిక్స్ చెప్పడం నా పని, గ్రామర్ మాస్టారికే వదిలేశాను.

నాలుగు చిన్నది. తమ్ముడూ, ఇరిగేటెడ్‌లో ఎకరాకి 30 వేలు మిగిలిందనుకో, ఊరికే లెక్క కోసం. ‘త్రీ టైమ్స్ లెస్’ అంటే ఎంత? నీ మనసులో 10 వేలు ఉంది. కానీ మాటను పట్టుకుని లెక్కేసేవాడు 30 వేలకి మూడు రెట్లు, అంటే 90 వేలు, 30లోంచి తీసేస్తే రైతు 60 వేలు నష్టపోయాడంటాడు. ఇలా చదివే రివ్యూయర్లు ఉంటారు, నిజం. ‘ఎక్కువ’కి రెట్లు బాగుంటాయి, ‘తక్కువ’కి భిన్నం పెట్టు: ‘నెట్ రిటర్న్స్ ఆన్ రెయిన్‌ఫెడ్ ఫార్మ్స్ వర్ వన్-థర్డ్ ఆఫ్ దోజ్ ఆన్ ఇరిగేటెడ్ ఫార్మ్స్.’ లేదా తిప్పేసి ఇరిగేటెడ్‌ది మూడు రెట్లు అని చెప్పు. రెండంకెలూ వాక్యంలో వేసేస్తే ఇంకా మంచిది, రిటర్న్స్ అని బహువచనం ఉంది కాబట్టి ‘దట్’ కాదు ‘దోజ్’, అది మాత్రం చూసుకో.

ఐదో దాని మీద మీ మేడమ్ ఆక్వర్డ్ అని మాత్రమే రాశారంటే నాకు ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే అది భాష సమస్యే కాదు. ‘నాట్ సిగ్నిఫికెంట్‌లీ లోయర్’ అంటే ఏంటి? మనకున్న డేటాతో తేడా ఉందని నిరూపించలేకపోయాం అని. తేడా లేదని నిరూపించాం అని కాదు. ప్లాట్లు తక్కువ, వానలో తేడాలు, అంకెలు అటూ ఇటూ బాగా చెదిరి ఉంటే నిజంగా ఉన్న తేడా కూడా దొరక్కపోవచ్చు. ఆల్ట్‌మన్, బ్లాండ్ అనే ఇద్దరు స్టాటిస్టీషియన్లు 1995లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న నోట్ రాసి ఇదే చెప్పారు, ఆధారం దొరకలేదంటే లేదని ఆధారం దొరికినట్టు కాదని. ఇన్నేళ్లయినా ‘హెన్స్ ఈక్వల్’ ఆగలేదు.

మీ అగ్రికల్చర్ వాళ్లకి ఇంకో అలవాటు ఉంది, క్రిటికల్ డిఫరెన్స్ (తేడా సిగ్నిఫికెంట్ అనాలంటే దాటాల్సిన అంకె) కంటే తేడా తక్కువ వస్తే ‘ఆన్ పార్ విత్’ అని రాసేస్తారు. మన దేశంలో మీ థీసిస్‌లన్నిట్లో అదే వాడుక, మీ ఎగ్జామినర్‌కి అర్థమవుతుంది, దాన్ని మార్చమని నేననను. కానీ అదే పేపర్ బయటికి పంపితే ‘ఆన్ పార్’ని సమానం అనే చదువుతారు. అప్పుడు ‘ద ఈల్డ్స్ ఆఫ్ నారాయణి అండ్ ధరణి డిడ్ నాట్ డిఫర్ సిగ్నిఫికెంట్‌లీ’ అని రాసి, రెండింటి మధ్య తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) ఎంతో పక్కనే ఇచ్చెయ్. ఆ ఇంటర్వల్ సన్నగా, సున్నా చుట్టూ ఉంటే సమానమనే మాటకి దగ్గరలో ఉన్నావు. వెడల్పుగా ఉంటే ఏమీ తెలియలేదనే అర్థం, ఏ ఇంగ్లిష్ దాన్ని కాపాడదు. నిజంగానే ‘నారాయణి ధరణికి తీసిపోదు’ అని చెప్పాలని ఉంటే దానికి వేరే పద్ధతి ఉంది, మందుల ట్రయల్స్‌లో నాన్-ఇన్‌ఫీరియారిటీ అంటారు. ఎంత తక్కువైతే పర్వాలేదో ఆ గీత ముందే గీసుకుని, ఆ తర్వాత ట్రయల్ వెయ్యాలి. రిజల్ట్ వచ్చాక గీత గీయకూడదు.

అందుకే మీ రూమ్మేట్ చెప్పినట్టు ఈ వాక్యంలో నాట్ పీకేస్తే కొంప మునుగుతుంది. ‘నాట్ సిగ్నిఫికెంట్‌లీ లోయర్’ని ‘హయ్యర్’ చేసినా తప్పే, ‘సిమిలర్’ చేసినా తప్పే. ఇక్కడ నాట్ ఉండాల్సిందే. అలాగే ‘ఇన్‌సిగ్నిఫికెంట్ డిఫరెన్స్’ అని రాయకు, లెక్క చెయ్యనక్కర్లేనంత చిన్న తేడా అన్నట్టు అవుతుంది. ‘నాన్-సిగ్నిఫికెంట్’ అను.

కాపీ_ఎడిటింగ్_పని, పలమనేరు:

ఇంటి నుంచి జర్నల్స్‌కి కాపీ ఎడిటింగ్ చేస్తాను. అందరూ బాగా చెప్పారు కానీ ఒక్కచోట నేను మాస్టారితో ఒప్పుకోను. పోలిక మానేసి రెండు ముక్కలు చేసెయ్ అన్నారు కదా, పేజీలో ఒకటి రెండు చోట్ల సరే. ప్రతి వాక్యం అలా ముక్కలైతే చిన్నపిల్లల రీడర్ అయిపోతుంది, ‘వీళ్లు ఇది చేశారు, వాళ్లు అది చేశారు’ అని. జర్నల్ వాళ్లకి పోలిక కావాలి, అందుకే కదా రెండు గ్రూపులు పెట్టుకున్నారు. ‘వేర్‌యాజ్’ ఉంది, ‘వైల్’ ఉంది, వాడుకోండి. ‘మోస్ట్ లార్జ్ ఫార్మర్స్ వర్ కవర్డ్, వేర్‌యాజ్ మోస్ట్ స్మాల్ ఫార్మర్స్ వర్ నాట్’ అంటే ఒకే వాక్యంలో రెండు పక్కలూ వచ్చాయి, అర్థమూ చెడలేదు.

నా దగ్గరికొచ్చే పేపర్లలో డిస్కషన్ సెక్షన్‌లోనే ఎక్కువ తేడా చేస్తారు. ‘అన్‌లైక్ ద ఎర్లియర్ స్టడీ, వి ఫౌండ్ నో ఎఫెక్ట్’ అని రాస్తారు. స్టడీని మనుషులతో పోల్చినట్టు. వాడుకలో ఉంది, చాలామంది వదిలేస్తారు, కానీ గట్టి ఎడిటర్ చేతిలో పడితే కొట్టేస్తాడు. ‘అన్‌లైక్ ద ఎర్లియర్ స్టడీ, అవర్స్ ఫౌండ్ నో ఎఫెక్ట్’ అంటే సరి. ‘కాంట్రరీ టు’ని మాత్రం ఇష్టమొచ్చినట్టు వాడకండి, ఎవరో ఒక మాట అన్నారు లేదా అందరూ ఒకటి అనుకుంటున్నారు, అది తప్పని తేలింది అన్నప్పుడే దానికి చోటు. ‘కాంట్రరీ టు అనంతపురం, చిత్తూర్...’ అంటే అనంతపురం ఏదో వాదించినట్టు ఉంటుంది.

ఇంకోటి, ‘నో లెస్ దాన్’, ‘నాట్ లెస్ దాన్’ కలిపేస్తుంటారు. ‘నో లెస్ దాన్ 50 ఫార్మర్స్’ అంటే అబ్బో యాభై మంది అని ఆశ్చర్యపోవడం. ‘నాట్ లెస్ దాన్ 50’ అంటే యాభైకి తగ్గకుండా అని, చట్టాల్లో శిక్షల గురించి రాసేటప్పుడు వాడేది అదే. థీసిస్‌లో రెండూ వద్దు, ‘ఎట్ లీస్ట్ 50’ అనండి.

‘ఆల్ ఫార్మర్స్ డిడ్ నాట్ అడాప్ట్’ కూడా వెతకండి. ఒక్కరూ చెయ్యలేదా, కొందరు చెయ్యలేదా? కొందరైతే ‘నాట్ ఆల్ ఫార్మర్స్ అడాప్టెడ్’, ఎవరూ చెయ్యకపోతే ‘నన్ ఆఫ్ ద ఫార్మర్స్ అడాప్టెడ్’.

రిటైర్డ్_మాస్టారు:

పలమనేరు వారి మాట ఒప్పుకుంటాను, వేర్‌యాజ్ నాకు తట్టక కాదు, మా పిల్లలు దాన్ని వాక్యం మొదట్లో పెట్టి ఫుల్‌స్టాప్ కొట్టేస్తారని భయపడి చెప్పలేదు. ఒక్క వేర్‌యాజ్ ముక్కనే వాక్యంగా వదిలేస్తే అది సగం వాక్యమే.

చెనక్కాయ_స్కాలర్:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. రాత్రి కూర్చుని అయిదూ మార్చాను, చూడండి.

‘ధరణి ఈల్డెడ్ మోర్ దాన్ టీఎంవీ 2.’

‘అన్‌లైక్ లార్జ్ ఫార్మర్స్, క్రాప్ ఇన్సూరెన్స్ వాజ్ నాట్ టేకెన్ బై స్మాల్ ఫార్మర్స్.’

‘ధరణి వాజ్ ద మోస్ట్ డ్రాట్-టాలరెంట్ ఆఫ్ ద త్రీ వెరైటీస్ టెస్టెడ్.’

‘నెట్ రిటర్న్స్ ఆన్ రెయిన్‌ఫెడ్ ఫార్మ్స్ వర్ అబౌట్ వన్-థర్డ్ ఆఫ్ దోజ్ ఆన్ ఇరిగేటెడ్ ఫార్మ్స్.’

‘ద ఈల్డ్స్ ఆఫ్ నారాయణి అండ్ ధరణి డిడ్ నాట్ డిఫర్ సిగ్నిఫికెంట్‌లీ; ద మీన్ డిఫరెన్స్ వాజ్ డాష్ కేజీ పర్ హెక్టార్, విత్ ఎ 95 పర్సెంట్ కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఆఫ్ డాష్ టు డాష్.’

రెండోదాన్ని ప్యాసివ్‌లో పెట్టాను, అకడమిక్‌గా ఉంటుందని.

కాపీ_ఎడిటింగ్_పని:

ఆ ప్యాసివ్‌తోనే చెడింది. అన్‌లైక్ పక్కన లార్జ్ ఫార్మర్స్ ఉంటే కామా తర్వాత స్మాల్ ఫార్మర్సే రావాలి. మీరు ఇన్సూరెన్స్‌ని తెచ్చి పెట్టారు, ఇప్పుడు పెద్ద రైతులకీ ఇన్సూరెన్స్‌కీ పోలిక అయింది. యాక్టివ్‌లోకి తెచ్చి, పైన మామిడి ఆయన చెప్పిన ‘కవర్డ్’ కూడా కలిపితే ‘అన్‌లైక్ మోస్ట్ లార్జ్ ఫార్మర్స్, మోస్ట్ స్మాల్ ఫార్మర్స్ హ్యాడ్ నో క్రాప్ ఇన్సూరెన్స్ కవర్’ అవుతుంది. ‘మోస్ట్’ మీ టేబుల్ ఒప్పుకుంటేనే పెట్టండి.

పీ_వాల్యూ_అక్క:

నాలుగోదాంట్లో ‘అబౌట్’ పెట్టావు, మంచిదే. ఐదోదాంట్లో డాష్‌లు ఖాళీగా వదిలేసి టైపింగ్‌కి ఇవ్వకు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ తీయడం రాకపోతే రెప్లికేషన్ల డేటా ఎక్సెల్‌లో పెట్టి మెసేజ్ చెయ్, సాయంత్రం చూస్తాను.

థీసిస్_బైండింగ్, బాలాజీ కాలనీ:

డాష్‌లతోనే బైండింగ్ అయి వెళ్లిన థీసిస్ మా దగ్గర ఒకటుంది అక్కా, చెప్తే నమ్మరు. బ్రదర్, ఫైల్ ఈమెయిల్ చెయ్యండి, ట్రాక్ చేంజెస్ ఆన్‌లో పెట్టి పంపండి, మేడమ్‌కి ఏది మార్చారో తెలుస్తుంది.